ఊరడిగే పొలిమేరమ్మ

ఉసిరిగెడ్డకు రాదలచిన భక్తులు ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. ఈ ఊరు ప్రభుత్వంవారి పటంలో లేదు. ఏ బస్సు మీదా దీని పేరు రాసి ఉండదు. కండక్టరును అడిగితే నందివలసకు టికెట్టు కొట్టి, గెడ్డ అనే కొండవాగు దగ్గర దింపుతాడట. అక్కడి నుంచి కాలిబాటే. జీడితోట దాటి కొండ మీదికి రెండు మైళ్ళు నడిస్తే బాటకు అడ్డంగా నడుమెత్తు నల్లరాయి ఒకటి కనబడుతుంది. అదే అమ్మవారు. గోపురం, గర్భగుడి వెతకవద్దు, లేవు. పైనున్న రేకుల పందిరి భక్తులు వేయించినది. గాలికి రెండుసార్లు ఎగిరిపోయింది. అమ్మవారికి నీడ అక్కర్లేదు కాబోలునని మేము ఊరుకున్నాం గాని భక్తులు ఊరుకోలేదు.

రాతికి ముఖం లేదు. కళ్ళు, ముక్కు, నోరు ఏవీ లేవు. రెండు పక్కలా రెండు చెవులు మాత్రం ఉన్నాయి. మనిషి చెవులకన్నా పెద్దవి, తమ్మెలు కింది దాకా సాగి ఉంటాయి. మొదటిసారి చూసినవారికి ఒళ్ళు జలదరిస్తుంది, అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. పసుపు చెవులకే రాస్తాం, పూలు చెవుల్లోనే పెడతాం. కళ్ళు మూసుకొని మనసులో కోరుకుంటే ఇక్కడ పని జరగదు. ఏ కోరికైనా నోరు తెరిచి, పక్కవారికి వినబడేటట్టు చెప్పుకోవాలి.

రెండేళ్ళ కిందట జాతర కమిటీవారు ఒక పంతులుగారి చేత ఈ స్థలపురాణం పుస్తకం రాయించారు. ఆయన పట్నంలో కూర్చుని, ఇక్కడ ఒక మహర్షి పన్నెండేళ్ళు తపస్సు చేశాడని రాసి పంపారు. ఇక్కడికి ఏ మహర్షీ రాలేదు. వచ్చి ఉంటే మావాళ్ళు ఆయన కమండలం కథ వందేళ్ళు చెప్పుకునేవారు. గోరంత దొరికితే కొండంత చేసే జనం మాది. అందుకని జరిగింది జరిగినట్టు నేనే రాస్తున్నాను. నేను అయిదో తరగతి దాకా చదివాను. తప్పులుంటే దిద్దుకొని చదవండి.

పూర్వం ఇక్కడ ఊరు లేదు, అడవి. ఒక మేకల కాపరి ఎండాకాలంలో మందను తోలుకొని కొండెక్కాడు. అతని పేరు ఎవరికీ గుర్తు లేదు, కల్పించి చెప్పడం నాకు ఇష్టం లేదు. మేకలు ఈ రాతి దాకా వచ్చి ఆగిపోయాయి. అదిలించినా, కొట్టినా అడుగు వేయలేదు. విసిగిపోయి అతడు రాతికి ఆనుకొని కునుకు తీస్తే కలలో ఒక ముసలమ్మ కనబడింది. కాళ్ళు చాపుకొని దారికడ్డంగా కూర్చుని, చేటలో బియ్యం ఏరుతూ ఉంది. తల ఎత్తలేదు. అమ్మవారు మా యాసలోనే మాట్లాడుతుంది.

"ఇక్కడ ఊరు కట్టుకోండి. నాను కాపుంటాను," అన్నది. "నాకు కళ్ళు లేవు, సెవులే ఉన్నాయి. ఎవులు ఈ ఊరోళ్ళో ఏడాదికోపాలి నోటితో సెప్పండి. సెప్పినోళ్ళని రానిస్తాను. ఇంకేటొచ్చినా ఆపుతాను."

అదే ఒప్పందం. ఆ ప్రకారం ఏటా వైశాఖంలో జాతర. పూజారి పొలి బియ్యం చల్లుకుంటూ ఊరి చుట్టూ తిరిగి వచ్చి, రాతి ముందు నిలబడి ఇంటింటి పేరూ పిలుస్తాడు. "ఉసిరిగెడ్డ ఫలానా ఇల్లు" అంటే ఆ ఇంటివారు "ఉన్నాం తల్లీ" అంటారు. చుట్టాలు వస్తే ఇంటివారే ఎదురువెళ్ళి, "మా చుట్టం తల్లీ" అని రాతికి చెప్పి లోపలికి తీసుకువచ్చేవారు. కింద ఊళ్ళలో మశూచికం వచ్చిన ఏడు కూడా ఇక్కడ ఒక్క బిడ్డ పోలేదని మా పెద్దలు చెప్పేవారు.

ఈ ఊరు మొదట నందివలసలో భాగమే. కానీ వానాకాలం గెడ్డ పొంగితే నెలా నెలన్నర రాకపోకలు ఉండవు. ఒక శ్రావణంలో అవతలి ఒడ్డున పెళ్ళివారు, ఇవతలి ఒడ్డున పెళ్ళికొడుకు పద్దెనిమిది రోజులు ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నారట. దానితో మావాళ్ళు అర్జీలు పెట్టి పెట్టి ఉసిరిగెడ్డను వేరే గ్రామంగా రాయించుకున్నారు. ఇరవై ఆరేళ్ళు నడిచింది. ముగ్గురు మునసబులు, ఒక బడి, ఒక రాట్నపు బావి, చెక్కతో చేసిన ఒక ముద్ర. ఇంతే దాని చరిత్ర. తరవాత జనం తక్కువగా ఉన్నారని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఉసిరిగెడ్డ అనే గ్రామం ఇక లేదు, అందులోని నలభై ఒక్క ఇళ్ళూ నందివలసవే అని దాని సారాంశం. ముద్ర పట్టుకుపోయారు.

అప్పటి పూజారి పేరు కొయ్యన్న. చెడ్డవాడు కాదు, పైగా అతిగా మంచివాడు. ఇంట్లో ఉప్పు నిండుకుంటే "ఉంది" అని భార్యతో కూడా అబద్ధమాడలేనివాడు. జాతర దగ్గర పడేసరికి అతనికి బెంగ పట్టుకుంది. లేని ఊరి పేరు పెట్టి ఇళ్ళను పిలిస్తే అమ్మవారి దగ్గర అబద్ధమాడినట్టు కాదా? నందివలస మునసబును అడిగితే ఆయన, "ఉత్తర్వు ఎవరికైనా ఒకటే, దేవతకైనా సరే," అన్నాడు. ఊళ్ళో పెద్దలు వద్దన్నారు. కొయ్యన్న వినలేదు. ఇంకెక్కడైనా పూజారి అయితే పాత అలవాటు ప్రకారం నాలుగు పేర్లు పిలిచి, ప్రసాదం పంచి, ఇంటికి పోయేవాడు. మావాడు అమ్మవారికి ఉత్తర్వు చదివి వినిపించాడు. నిలబడి, రెండు చెవుల్లోనూ, మొదటి అక్షరం నుంచి కింది సంతకం దాకా చదివాడు. ఆ పైన ఇళ్ళన్నిటినీ "నందివలస ఫలానా ఇల్లు" అని పిలిచాడు. జనానికి ఇష్టం లేదు. అయినా ఒకరి తరవాత ఒకరు "ఉన్నాం తల్లీ" అన్నారు.

అలా పలికినవారిలో జోగులు, అతని భార్య తవిటమ్మ ఉన్నారు. జోగులుకు అరవై మేకలు. తవిటమ్మకు అప్పుడు తొమ్మిదో నెల.

జాతర వెళ్ళిన మరునాడు పొద్దున్నే జోగులు మందను తోలుకొని రాయి దాటి కిందికి వెళ్ళాడు. మధ్యాహ్నం మేకలు తిరిగి వచ్చాయి. అరవైకి అరవై వచ్చి దొడ్లో దూరాయి. వెనక మనిషి లేడు.

తవిటమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. వాళ్ళ ఇల్లు ఊరి అంచున ఉండేది, అక్కడి నుంచి బాట రాతి దాకా కనబడుతుంది. జోగులు కర్ర భుజాన వేసుకొని పైకి వస్తున్నాడు. రాతి దాకా వచ్చాడు. ఆమె కళ్ళార్పకుండా చూస్తూనే ఉంది. అతడు ఆగలేదు, వెనక్కి తిరగలేదు. అయినా రాతి దగ్గర కాలు వేసిన మరుక్షణం అతని వీపు కనబడింది. కిందికి దిగిపోతున్నాడు. కాసేపటికి మళ్ళీ పైకి వచ్చాడు, మళ్ళీ అలాగే వీపు. మిట్టమధ్యాహ్నపు ఎండలో, అందరూ చూస్తుండగా, ఏడుసార్లు అలా జరిగింది. "ఓలె తవిటీ, ఇల్లేదే? ఇక్కడన్నీ తుప్పలే ఉన్నాయే," అని అతడు కేకలు వేస్తుంటే ఊరంతా విన్నది.

ముగ్గురు మగవాళ్ళు రాతి దగ్గరికి పరుగెత్తి, "మావోడు తల్లీ, రానియ్యి," అని పాత పద్ధతిలో చెప్పారు. చెప్పేవారే ఈ ఊరివారు కారని నిన్న చెవిలో ఊదించుకున్న తల్లి ఆ మాట ఎందుకు వింటుంది? ఆ తొందరలో వాళ్ళు రాయి దాటారు. వాళ్ళకూ ఊరు కనబడకుండా పోయింది. వాళ్ళ కోసం ఇంకో ముగ్గురు వెళ్ళారు. ఆ పైన రాయి దాటే ధైర్యం ఎవరూ చేయలేదు. పొయ్యిలో కట్టెలకు కూడా పెరట్లోని చెట్లే నరుక్కున్నారు.

మొదటి మూడు రోజులూ ఆ ఏడుగురూ బాట మీద కేకలు వేశారు. తరవాత అంతకన్నా ఘోరం జరిగింది. కేకలు తగ్గాయి. నందివలసలో వాళ్ళు ఎవరి అరుగు మీదనో కూర్చుని, ఎవరింట్లో పెడితే అక్కడ తింటూ, అడిగినవారికి "ఈ ఊరోణ్ణే" అని చెప్పసాగారు. జోగులును వెతకబోయిన అతని బావమరిది అతని పక్కనే కూర్చుని, "నీదే ఇల్లు బాబూ?" అని అడిగాడట. ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టలేదు. ఈ సంగతులన్నీ తరవాత తెలిసినవి. అప్పుడు తవిటమ్మకు తెలిసింది ఒక్కటే. మొగుడు రోజూ మధ్యాహ్నం రాతి దాకా వస్తున్నాడు, రోజురోజుకీ ఆమె పేరు తక్కువసార్లు పిలుస్తున్నాడు.

అయిదో రోజున ఆమె ఆడపిల్లను కన్నది. మంత్రసాని బొడ్డు కోస్తుండగా కింద నుంచి జోగులు గొంతు ఒక్కసారి వినబడింది. ఆ తరవాత పది రోజులు వినబడలేదు. మనిషి వచ్చేవాడు, రాతి దగ్గర నిలబడేవాడు, ఎందుకు వచ్చాడో తెలియనట్టు రాతిని చూసి వెళ్ళిపోయేవాడు. ఆడవాళ్ళు తవిటమ్మతో, "రేపు పురుడు చేసి పిల్లకు పేరు పెట్టేద్దాం, అతగాడి మీద ఆశ వదులుకోవే," అన్నారు. ఆమె లేచింది. పిల్లను ఒడిలో వేసుకొని వెళ్ళి, రాతికి ఇవతల, ఊరి వైపున కూలబడింది. బాలింత ఒళ్ళు, పైగా ఎండ. కునుకు పట్టింది.

కలలో ముసలమ్మ బియ్యం ఏరుతూనే ఉంది. తవిటమ్మ కాళ్ళ మీద పడి మొత్తుకుంది.

"నామీద ఏడుస్తావేటే?" అన్నది అమ్మవారు. "ఆ ఊరు లేదని మీ పూజారే సెప్పినాడు. రెండు సెవుల్లోనూ సెప్పినాడు. లేని ఊరికి మడిసిని ఎలగ పంపీది?"

"ఉంది తల్లీ! మా కొంపలున్నాయి, మేమున్నాం."

"మీరు నందివలసోళ్ళు. ఉన్నాం తల్లీ అని మీరే పలికినారు. ఈ ఊరిది, ఇంకే ఊరిదీ కాని మడిసి ఒక్కరుంటే ఊరున్నట్టే. అలాటోళ్ళు ఎవులున్నారు?"

తవిటమ్మ ఒడిలోకి చూసుకుంది. పిలుపు అయిన తరవాత పుట్టిన పిల్ల. పేరు ఇంకా పెట్టలేదు, ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. అమ్మవారు ఏమి అడుగుతున్నదో ఆమెకు అర్థమైంది.

"నన్నుంచుకో తల్లీ, దీన్నొదిలీ."

"నీది నందివలస," అని ముసలమ్మ ఒక గింజను ఏరి అవతల పారేసింది. "అదయితే నాకు సెల్లుద్ది. కానీ తన ఊరని ఇంకో ఊరి పేరు దాని నోట రాకూడదు, దాని పేరు ఇంకో ఊళ్ళో రాయకూడదు. ఈ రాయి దాటకూడదు. దాటిన్నాడు ఊరుండదు. సూసుకో."

తవిటమ్మకు మెలకువ వచ్చింది. బాట మీద జోగులు వస్తున్నాడు. గడ్డం పెరిగి, ఎవరి చొక్కానో తొడుక్కొని, చేతిలో కర్ర కూడా లేకుండా వస్తున్నాడు. అది అతని ఆఖరి రాక అని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అతడు ఆమె ముఖంలోకి సూటిగా చూశాడు. పొదను చూసినట్టు చూశాడు. ఆమె పిల్లను రెండు చేతులా ఎత్తి రాతి మీద పడుకోబెట్టింది. ఎండకు కాలిపోవలసిన రాయి చల్లగా ఉందట. పిల్ల ఏడవలేదు.

అప్పుడు ప్రశ్న వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందని తవిటమ్మ ముసలితనంలో అడిగినవారికి, "నా సెవుల్లోంచే" అని చెప్పేది. "ఏ ఊరు?" అని, అంతే.

జోగులు అప్పటికే వెనుదిరుగుతున్నాడు. తవిటమ్మ ఒకసారి మొగుణ్ణి, ఒకసారి పిల్లను చూసింది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, ఆ మాట ఆమెకు చెల్లుతుంది. పిల్ల తరఫున, పిల్ల చెవి దగ్గర నోరు పెట్టి, "ఉసిరిగెడ్డ" అన్నది.

జోగులు నిద్రలో నడుస్తున్నవాడిలా ఇటు తిరిగి, రాయి పక్కనుంచి లోపలికి వచ్చాడు. కొంతసేపు ఇళ్ళను చూస్తూ నిలబడ్డాడు. తరవాత రాతి మీద పిల్లను చూశాడు.

"ఎవులి పిల్ల ఇది?"

"మన పిల్లే," అన్నది తవిటమ్మ. అంతవరకు ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. "ఇంకేటి, ఊరి పిల్ల."

సాయంత్రానికి మిగిలిన ఆరుగురూ వచ్చారు. కొయ్యన్న ఊరందరినీ రాతి ముందు నిలబెట్టి మళ్ళీ ఉసిరిగెడ్డ ఇళ్ళుగా పేర్లు పిలిచాడు. "నాను అబద్ధమాడకూడదనుకున్నాను తప్ప ఇంకేటీ అనుకోలేదు తల్లీ," అని ముక్కు నేలకు రాశాడు. జోగులుకు కలలోని షరతు తవిటమ్మ ఆ రాత్రి చెప్పింది. అతడు తన బతుకంతా భార్యను దాని గురించి ఒక్క మాట అనలేదు. కానీ మేకలను తోలుకొని రాయి దాటిన ప్రతిసారీ వెనక్కి తిరిగి పిల్లను చూసి వెళ్ళేవాడట.

ఆ పిల్ల పేరు అచ్చియ్యమ్మ. ఎనభై ఒక్క ఏళ్ళు బతికింది. గెడ్డ చప్పుడు వినడమే గాని గెడ్డను చూడలేదు. ఆమె ముసలిదయ్యాక, ఇంకో పిల్ల కావలసి వచ్చింది. ఆ ఏడు ఊళ్ళో ముగ్గురు తల్లులు కన్నారు. ఇద్దరు ఇవ్వలేమన్నారు, వారిని ఎవరూ తప్పుపట్టలేదు. మూడో ఆవిడ ఇచ్చింది.

ఇక ఇప్పుడు పాటిస్తున్న ఆచారం. రాతి దగ్గర కూర్చున్న ఊరి ముసలావిడ "ఏ ఊరు?" అని అడుగుతుంది. మీరు ఎక్కడివారైనా "ఉసిరిగెడ్డ" అని చెప్పి లోపలికి రావాలి. అబద్ధమవుతుందేమోనని భయపడవద్దు. ఊరు ఒప్పుకున్నాక మీరూ ఊరివారే. అలా చెప్పనివారికి ఇక్కడ తుప్పలు తప్ప ఏమీ కనబడవు. కొలతల కోసం వచ్చిన సర్కారు ఉద్యోగి ఒకాయన "నాది జిల్లా ఆఫీసు" అని విసుక్కున్నాడు. ముప్పూటలా కొండెక్కి దిగి, చివరికి జనం లేని ఊరు, బేచిరాగు అని రాసుకుపోయాడు. ఆయన తుప్పలనుకొని తొక్కింది మా సీతాలప్ప ఆరబెట్టిన చింతపండు.

వెళ్ళేటప్పుడు మరిచిపోకుండా మీ సొంత ఊరి పేరు గట్టిగా చెప్పి రాయి దాటాలి. ఇది ముఖ్యం. ఒక కంట్రాక్టరు ఫోనులో మాట్లాడుకుంటూ చెప్పకుండా దాటేశాడు. ఇంటికి వెళితే భార్య తలుపు తీసి, మంచినీళ్ళిచ్చి, "ఎవరు కావాలండీ?" అన్నది. మూడో రోజున పడుతూ లేస్తూ వచ్చి, రాతిని పట్టుకొని ఊరి పేరు చెప్పుకొని వెళ్ళాడు. మా ఊరివారికి ఆ చిక్కు లేదు. రేషను కార్డుల్లో నందివలస అనే ఉంటుంది గనుక బయటికి వెళ్ళేటప్పుడు నందివలస అంటారు, వచ్చేటప్పుడు ఉసిరిగెడ్డ అంటారు.

నాకు కార్డు లేదు, ఓటు లేదు. అచ్చియ్యమ్మ తరవాత రాతి మీద పడుకోబెట్టిన పిల్లను నేనే. బయటికి వెళ్ళేటప్పుడు చెప్పడానికి నాకు వేరే ఊరు లేదు. దుఃఖం లేదని రాస్తే అది అబద్ధమవుతుంది. మా అమ్మ మీద చాలా ఏళ్ళు కోపం ఉండేది. ఆవిడ పోయాక తగ్గింది.

నాకిప్పుడు డెబ్బై మూడు. ఇప్పుడు ఊళ్ళో పదకొండు ఇళ్ళున్నాయి. పురుళ్ళన్నీ పట్నం ఆసుపత్రిలోనే. పోయిన ఏడు మా తమ్ముడి మనవరాలు హైమ కడుపుతో ఉండి నా దగ్గరికి వచ్చింది. దాని మొగుడు చెన్నైలో తాపీపని చేస్తాడు, ఏడాదికి రెండుసార్లు వస్తాడు.

"మామ్మా, ఆస్పత్రికి ఎల్లను. ఇక్కడే కంటాను. పిల్లని రాయి మీద పెడతాను," అన్నది. "నీ తరవాత ఊరు లేకపోతే ఆయన ఎక్కడికొస్తాడు?"

"ఫోన్ సేసి నందివలసలో దిగమను. నువ్వూ అక్కడే ఇల్లు తీసుకో," అన్నాను.

"మరి ఊరో?"

"ఊరు నానున్నన్నాళ్ళే ఉంటది. నువ్వెల్లి ఆస్పత్రిలో కను." నోటితో అన్నాను, రాతి పక్కనే కూర్చుని అన్నాను. అమ్మవారు కూడా విన్నది.

మాఘమాసంలో హైమకు కూతురు పుట్టింది. మూడో నెలలో తీసుకువచ్చి చూపించింది. సాయంత్రం దాకా ఎత్తుకున్నాను. వెళ్ళేటప్పుడు రాతి దగ్గర ఆగి, పిల్ల తరఫున "నందివలస" అని గట్టిగా చెప్పి దాటింది. వంపు తిరిగే దాకా పిల్ల తల్లి భుజం మీదినుంచి నన్నే చూసింది.

ఇల్లు విడిచి వెళ్ళి తిరిగి రానివారు మీ ఇంట్లో ఉంటే, వారి పేరు, మీ ఊరి పేరు ఈ తల్లి చెవిలో వినబడేటట్టు చెప్పండి. దారి తప్పినవారు ఇల్లు చేరతారు. చాలామంది చేరారు, కొబ్బరికాయలు తెచ్చినవారిని నేను చూశాను. మంగళవారాలు, ఎండ ఉండగానే రండి. ఆలస్యం చేయవద్దు. నా తరవాత ఇక్కడ అడిగేవారు ఉండరు. మీ అందరికీ చేరడానికి ఒక ఊరు ఉండుగాక.